లెక్కకు రానివారి ఆరోగ్యం

తాపీ నది సూరత్ నగరాన్ని ఒరసుకొని సముద్రం వైపు సాగే చోట ఒక ఒడ్డున కతర్గాం, వేడ్ రోడ్డు పేటలు, ఎదుటి ఒడ్డున అమ్రోలి ఉన్నాయి. నడుమ వంతెన ఉన్నది. కొన్ని దశాబ్దాల క్రిందట అమ్రోలి పొలాల మధ్య నున్న పల్లె. 2006లో నగరపాలక సంస్థ తన హద్దులను 112 చదరపు కిలోమీటర్ల నుండి 326 చదరపు కిలోమీటర్లకు పెంచినప్పుడు అది నగరంలో కలిసిపోయింది. నేడు అక్కడి అంజని పారిశ్రామిక వాడలో వరుసలు తీరిన షెడ్డులు, వాటిలో రాత్రింబవళ్ళు ఆడే మరమగ్గాలు కనిపిస్తాయి. ప్రక్కనే కోసాడ్‌లో మురికివాడల నుండి తరలించిన కుటుంబాలకు కట్టిన విశాలమైన గృహ సముదాయం ఉన్నది.

ఈ మగ్గాలను నడిపేవారిలో అధిక సంఖ్యాకులు ఒడిశాలోని గంజాం జిల్లావారు. గంజాం తెలుగువారికి పరాయి సీమ కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు అది మదరాసు రాజధానిలో భాగం. బరంపురం వీధులలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. గంజాం యువకులు సూరత్ చేరే రైలు పలాస, శ్రీకాకుళం, విజయనగరం మీదుగానే పోతుంది. సూరత్‌లోనే లింబాయత్ ప్రాంతంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి తరలిపోయిన పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా మగ్గాన్నే నమ్ముకొని జీవిస్తున్నాయి. సిరిసిల్ల మరమగ్గాల మోత విన్నవారికి అమ్రోలి మోత కొత్తది కాదు.

ఈ పేటల ఆరోగ్య చరిత్ర దేశానికంతటికీ రెండు పాఠాలు చెబుతున్నది. మొదటి పాఠాన్ని సూరత్ శ్రద్ధగా నేర్చుకొని ఇతర నగరాలకు ఆదర్శమైంది. రెండవ పాఠం ఇంకా పూర్తి కాలేదు. దానిని నేర్పే పనిలో కొన్ని స్వచ్ఛంద సంస్థలు నిమగ్నమై ఉన్నాయి.

మొదటి పాఠం: 1994

1994 సెప్టెంబరులో తాపీ పొంగి పల్లపు పేటలను ముంచెత్తింది. నీరు తీసిన తరువాత వీధులలో బురద, చచ్చిన పశువులు, కుళ్ళిన చెత్త మిగిలాయి. ఆ నెల మూడవ వారంలో వేడ్ రోడ్డు, కతర్గాం ప్రాంతాల పేద బస్తీలలో తీవ్రమైన జ్వరంతో, రక్తపు కళ్ళెతో మనుషులు మరణించసాగారు. ఊపిరితిత్తుల ప్లేగు అనే మాట క్షణాలలో నగరమంతటా వ్యాపించింది. టెట్రాసైక్లిన్ మాత్రలు మందుల దుకాణాలలో మాయమైనాయి. ప్రైవేటు వైద్యులలో పెక్కుమంది తలుపులు మూసుకొని ఊరు విడిచారు. నాలుగైదు రోజులలో లక్షలాది జనం రైళ్ళు, బస్సులు ఎక్కి పారిపోయారు.

దేశం మొత్తం మీద మృతుల సంఖ్య సుమారు 50గా తేలింది. ఇతర వ్యాధులు ప్రతి ఏటా బలిగొనే ప్రాణాలతో పోలిస్తే ఇది స్వల్పం. కాని ఆ భయానికి భారతదేశం చెల్లించిన మూల్యం స్వల్పం కాదు. విదేశాలు విమానాలను రద్దు చేశాయి, ఎగుమతులు నిలిచాయి, సూరత్ మగ్గాలు, వజ్రాల సానలు మూగవోయాయి. వ్యాధి నిర్ధారణపై వైద్య లోకంలో చాలాకాలం చర్చ సాగింది. నగరం మురికిగా ఉన్నదన్న విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేకపోయింది.

1995 మే నెలలో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన అధికారి తెలుగువారు, సూర్యదేవర రామచంద్రరావు. ఎస్.ఆర్. రావుగా ఆయన ప్రసిద్ధులు. ఆయన చేసినదానిలో గొప్ప యంత్రాలు లేవు, విదేశీ నిధులు లేవు. నగరంలోని ఆరు మండలాల అధికారులకు కమిషనర్ అధికారాలను పంచి ఇచ్చారు. చిన్న పనికి కూడ కేంద్ర కార్యాలయం మొగం చూడవలసిన అగత్యం తొలగింది. ఉదయం వేళ అధికారులందరూ వీధులలోనే ఉండాలని, మధ్యాహ్నం కూర్చొని ఆనాడు చూసినదానిని సమీక్షించాలని నియమం పెట్టారు. ప్రధాన వీధులను రాత్రివేళ మరొకసారి ఊడ్పించారు. చెత్త వేసినవారికి జరిమానా విధించారు. అక్రమ కట్టడాల కూల్చివేత పలుకుబడి గలవారితో ఆరంభించారు. అందువల్ల పేదవాడు కూడ న్యాయం జరుగుతున్నదని నమ్మాడు. మురికివాడలలో బాటలకు రాళ్ళు పరిచి, కాలువలు, మరుగుదొడ్లు కట్టించారు.

రెండేళ్ళయినా నిండకముందే సూరత్ పరిశుభ్రతలో చండీగఢ్ తరువాత రెండవ నగరంగా పేరు పొందింది. 1998లో రావుగారికి పద్మశ్రీ లభించింది. ఆయన బదిలీ అయిన తరువాత కూడ ఆ పద్ధతి నిలవడం విశేషం. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదలినప్పుడు నగరంలో అధిక భాగం మునిగింది. 1994తో పోలిస్తే ఆ వరద పెద్దది. అయినా 1994 నాటి ఉపద్రవం మళ్ళీ రాలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోర్‌తో సమానంగా దేశంలో ప్రథమ స్థానం పొందింది.

ఈ విజయానికి మూలమేమిటి? లెక్క. ఎన్ని బండ్ల చెత్త లేచింది, ఏ పేటలో ఎందరికి జ్వరం వచ్చింది, ఏ గొట్టంలో నీరు చెడింది అనే లెక్క ఏ రోజుకారోజు కమిషనర్ బల్ల మీదికి రావడమే ఆ పద్ధతికి ప్రాణం. ఆస్పత్రుల నుండి, ప్రైవేటు వైద్యుల నుండి సమాచారం తెప్పించి రోగం రాజుకొనక ముందే ఆ వీధిని చేరడం సూరత్ నేర్చుకొన్నది. కంటికి కనబడిన ప్రతిదానిని ఆ నగరం లెక్కించింది. కంటికి కనబడనిది మిగిలిపోయింది.

తలుపు వెనుక మనిషి

చెత్త వీధిలో ఉంటుంది కనుక కనబడుతుంది. అమ్రోలి మగ్గం కార్మికుడు వీధిలో ఉండడు. పగలు ఏడు గంటల నుండి రాత్రి ఏడు వరకు, లేదా రాత్రి ఏడు నుండి పగలు ఏడు వరకు అతడు షెడ్డులో ఉంటాడు. తక్కిన పన్నెండు గంటలు 'మెస్' అని పిలిచే గదిలో ఉంటాడు. భోజనం, పడుకొనే చోటు కలిపి నెలకింత అని చెల్లించే ఏర్పాటు అది. పగటి పాళీవాడు పనికి పోగానే అతడు లేచిన చాప మీద రాత్రి పాళీవాడు పడుకొంటాడు. ఒక హాలు వంటి గదిలో పదుల సంఖ్యలో, కొన్నిచోట్ల నూరు మంది దాకా, ఇట్లా వంతులవారీగా నివసిస్తారు. కరెంటు పోయి మగ్గాలు నిలిచిన నాడు రెండు పాళీలవారూ ఒకేసారి చేరితే కాలు చాపుకొనే చోటు ఉండదు. కిటికీలు తక్కువ. గాలి ఆడదు.

క్షయ గాలి ద్వారా వ్యాపించే వ్యాధి. ఒక్కరు దగ్గితే ఆ గాలిని గదిలో అందరూ పీలుస్తారు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోవాలని ప్రభుత్వం ప్రచారం చేస్తున్నది. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. పోషకాహారానికై రోగికి నెలనెలా ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుండి 500 రూపాయల నుండి 1,000 రూపాయలకు పెంచారు. ఇంత ఏర్పాటు ఉండగా కార్మికుడు ఎందుకు పోడు? ప్రభుత్వ వైద్యం సాధారణంగా పగటిపూట దొరుకుతుంది. పగటి పాళీవాడు ఆ సమయంలో మగ్గం ముందు ఉంటాడు. రాత్రి పాళీవాడు నిద్రలో ఉంటాడు. నేసిన మీటర్లను బట్టి కూలి కనుక, ఆస్పత్రి వరుసలో నిలిచిన పూట కూలి లేదు. మందు ఉచితమే కాని, మందు కోసం పోయే పూట ఉచితం కాదు. దగ్గు ముదిరినప్పుడు అతడు గంజాం రైలెక్కుతాడు. ఆరునెలల చికిత్స మొదలైనా నడుమ తెగుతుంది. ఆ రోగం సూరత్ లెక్కలో ఉండదు, స్వగ్రామంలో ఆలస్యంగా బయటపడుతుంది.

ఇక చెవుల సంగతి. భారతదేశంలో కర్మాగారపు ధ్వనికి చట్టం పెట్టిన హద్దు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్ళు. మరమగ్గాల షెడ్డులో ధ్వని తరచు ఈ హద్దును దాటుతుంది. పని పన్నెండు గంటలు. చెవుడు నొప్పి లేకుండ వచ్చే జబ్బు. షెడ్డులో అందరూ సైగలతోనే మాట్లాడుకొంటారు కనుక వినికిడి తగ్గిన సంగతి అక్కడ తెలియదు. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు భార్యాబిడ్డలు అతడి గట్టి మాటను విని కోపమనుకొంటారు. ధ్వని వల్ల కలిగే చెవుడు నష్టపరిహారం పొందదగిన వృత్తి వ్యాధిగా చట్టంలో చేరి చాలాకాలమైంది. కాని పరిహారం కోరడానికి తాను ఫలానా షెడ్డులో ఇన్నేళ్ళు పనిచేశానని చూపాలి. హాజరు పట్టీలో పేరు లేనివాడు ఏమి చూపగలడు?

చట్టాలకు కొరత లేదు. 1948 నాటి కర్మాగారాల చట్టం, ఉద్యోగుల రాజ్య బీమా చట్టం కరెంటుతో నడిచే కర్మాగారంలో పదిమంది ఉంటే వర్తించేవి. ఒకే కప్పు క్రింద ఉన్న షెడ్డును రెండు మూడు పేర్లతో విభజించి చూపితే ఏ పేరు క్రిందా పదిమంది ఉండరు. ఒడిశా వలస కార్మికుల దుస్థితిని చూచి 1979లో పార్లమెంటు చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం గుత్తేదారు తీసుకువచ్చినవారికి మాత్రమే వర్తించింది. అన్న వెంట తమ్ముడు, మామ వెంట అల్లుడు రైలెక్కి వచ్చే అమ్రోలికి అది అందలేదు. 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఈ పాత చట్టాలు కలిసిపోయాయి. చట్టం పేరు మారినా తొలి ప్రశ్న మారలేదు: పట్టీలో పేరు ఉన్నదా, లేదా?

లెక్క వ్రాసేవారు

ఇక్కడనే స్వచ్ఛంద సంస్థల పని ఆరంభమవుతున్నది. 2005లో రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో రాజీవ్ ఖండేల్వాల్, కృష్ణావతార్ శర్మ స్థాపించిన ఆజీవికా బ్యూరో వలస కార్మికుల కోసమే పుట్టిన సంస్థ. గుర్తింపు కార్డులు, బాకీపడ్డ కూలి ఇప్పించడానికి న్యాయసహాయం, నైపుణ్య శిక్షణ దాని తొలి కార్యక్రమాలు. అది తరువాత అహమ్మదాబాదు, సూరత్ నగరాలకు విస్తరించింది. వడోదరలోని పీపుల్స్ ట్రైనింగ్ అండ్ రీసెర్చ్ సెంటర్ వృత్తి వ్యాధులనే ప్రధాన విషయంగా తీసుకొని పనిచేస్తున్నది. ఈ రెండు సంస్థలూ కలిసి సూరత్ మరమగ్గాల కార్మికుల జీవన పరిస్థితులను, పనిలోని ప్రమాదాలను పరిశీలించి 2018లో ఒక నివేదిక ప్రకటించాయి. షెడ్డులోని మోత, తెగిన వేళ్ళు, గది ఇరుకు, నిద్రలేమి అందులో వరుసగా నమోదైనాయి. అంతవరకు విడివిడిగా ఒక్కొక్కరి కష్టంగా ఉన్నది అక్కడ ఒక సమస్యగా రూపు కట్టింది.

కాగితం మీద లెక్క వ్రాసినంత మాత్రాన ఏమి ఒరుగుతుందని కొందరు అడగవచ్చు. గుజరాత్‌లోనే దానికి సమాధానం ఉన్నది. గోధ్రా, బాలాసినోర్ ప్రాంతాల పలుగురాయి పిండి కర్మాగారాలలో పనిచేయడానికి మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసులు వలస పోయేవారు. ఆ ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ అనే జబ్బు కలిగిస్తుంది. దానికి చికిత్స లేదు, నివారణ ఒక్కటే మార్గం. పనిచేసినట్లు ఆధారం లేకుండ ఇంటికి తిరిగివచ్చి యువకులు మరణించారు. క్షయ అని వారికి మందులిచ్చిన సందర్భాలు కూడ ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఆ గ్రామాలలో ఇంటింటికీ తిరిగి ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్ళు పనిచేశారు, ఎప్పుడు మరణించారు అని వ్రాసుకొన్నారు. ఆ జాబితాయే సుప్రీంకోర్టుకు చేరింది. 2016 మే నెలలో 238 మృతుల కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని కోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. హాజరు పట్టీ లేని చోట పల్లె జాబితా సాక్ష్యమైంది.

వలస దారికి రెండు కొసలు ఉన్నాయి. ఆజీవికా అనుభవం నుండి 2012లో డాక్టర్ పవిత్ర మోహన్, డాక్టర్ సంజనా మోహన్ ప్రారంభించిన బేసిక్ హెల్త్‌కేర్ సర్వీసెస్ రెండవ కొసను పట్టుకొన్నది. దక్షిణ రాజస్థాన్‌లో మగవారు అహమ్మదాబాదు, సూరత్ పోగా మిగిలిన ఆదివాసి గ్రామాలలో అది 'అమృత్' అనే చికిత్సాలయాలను నడుపుతున్నది. వాటి నిత్య నిర్వహణ నర్సుల చేతిలో ఉంటుంది. వైద్యుడు వారానికొక పర్యాయం వస్తాడు. ఇంటికి దగ్గుతో తిరిగివచ్చిన మనిషిని గుర్తించి చికిత్స పూర్తి అయ్యేవరకు వెంటబడడం వారి ముఖ్య కార్యాలలో ఒకటి.

సమానత్వం, సమన్యాయం

1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఆయన వేల్స్‌లోని ఒక బొగ్గుగనుల పల్లెలో వైద్యుడు. వైద్య సేవ ఎవరికి అధికంగా అవసరమో వారికే అల్పంగా అందుతుందన్నది ఆ సూత్రం. 1978లో ఆల్మా ఆటాలో సమావేశమైన దేశాలు 2000 సంవత్సరం నాటికి అందరికీ ఆరోగ్యమని ప్రతిన పూనాయి. గడువు దాటి పాతికేళ్ళయింది. హార్ట్ సూత్రం మాత్రం అమ్రోలిలో నేటికీ వర్తిస్తున్నది.

అందరికీ ఒకే తలుపు తెరవడం సమానత్వం. ఆ తలుపు దాకా రాలేనివాని కోసం వేళను, దారిని మార్చడం సమన్యాయం. సూరత్ నగరపాలక సంస్థకు ఇది తెలియని విషయం కాదు. ఆ సంస్థ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్ల మాధ్యమాలలో పాఠశాలలు నడుపుతున్నది. పరాయి రాష్ట్రపు బిడ్డకు అతని భాషలో చదువు చెప్పిన నగరం, ఆ బిడ్డ తండ్రికి అతని పాళీకి అనువైన వేళలో వైద్యం చెప్పలేకపోదు. కుటుంబంతో వచ్చినవాడు బిడ్డ ద్వారా నగరపు లెక్కలో చేరుతున్నాడు. ఒంటరిగా వచ్చినవాడు చేరడం లేదు. భేదమంతా అక్కడ ఉన్నది.

2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. ఒడిశా అందులో 2025లో చేరింది. ఇది మేలే. అయితే ఆ కార్డు ఆస్పత్రిలో పడక పొందినవాని ఖర్చును భరిస్తుంది. గదికి కిటికీ పెట్టించదు, చెవికి బిరడా ఇవ్వదు. వ్యాధి రాకముందు చేయవలసిన పని వేరు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనుగొన్నప్పటి నుండి లోకానికి ఒక సత్యం తెలుసు: వ్యాధి చిరునామా అడగదు. మెస్ గదిలో పుట్టిన జ్వరం ఆ గదితో ఆగదు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. గదిలో ఇందరికి మించి ఉండరాదని అధికారులు రేపే తాళం వేస్తే కార్మికుడు వీధిన పడతాడు. అద్దె పెంచితే ఇంటికి పంపే సొమ్ము తగ్గుతుంది. కనుక కార్మికుడు కూడ తనిఖీని స్వాగతించడు. స్వచ్ఛంద సంస్థకు నిధులు ఏడాదికేడాది మారుతాయి. అది వేల గదులను చేరలేదు, చేరవలసిన బాధ్యత కూడ దానిది కాదు. అది చేయగలిగినది దారి చూపడం, జాబితా వ్రాయడం, కార్మికుని వెంట ఆస్పత్రి మెట్లెక్కడం. ఆ జాబితాను చేతిలోనికి తీసుకోవలసినది నగరం. సాయంకాలం ఏడు దాటిన తరువాత తెరచి ఉండే చికిత్సాలయం, గది వద్దకే వచ్చే కళ్ళె పరీక్ష, సూరత్‌లో మొదలైన చికిత్స గంజాంలో తెగకుండ కొనసాగే ఏర్పాటు, గది యజమానికి గడువిచ్చి గాలి వెలుతురు కల్పింపజేసే నియమం: వీటికి ఖర్చు కంటే నిశ్చయమే అధికంగా కావాలి.

2020లో ఈ నిశ్చయం లేకపోవడం వల్ల కలిగే నష్టం బహిరంగమైంది. కోవిడ్ నిరోధానికై దేశం తలుపులు మూసినప్పుడు పనిలేక, కూలిలేక, ఇరుకు గదులలో చిక్కిన ఒడియా కార్మికులు ఏప్రిల్‌లో వీధులలోనికి వచ్చి తమను ఇంటికి పంపమని కోరారు. మే తొలివారం నుండి వారిని చేర్చే రైళ్ళు గంజాం వైపు బయలుదేరాయి. వారి వెంట వ్యాధి కూడ వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళ క్రిందట ప్లేగు భయంతో ఖాళీ అయిన స్టేషనే ఇది. వీధులు అప్పటివలె లేవు, అద్దంవలె ఉన్నాయి. అయినా కష్టం రాగానే కార్మికుడు పారిపోవలసి వచ్చింది. జబ్బుపడితే తనను చూచే చోటు ఈ నగరంలో ఉన్నదని అతడికి 1994లో నమ్మకం లేదు, 2020లోనూ కలగలేదు.

సూరత్ తన వీధులను లెక్కించి దేశానికి దారి చూపింది. ఆ లెక్క అమ్రోలి మెస్ గదుల లోపలికి కూడ పోవాలి. అక్కడ చాప మీద వంతులవారీగా నిద్రించే ప్రతి మనిషి పేరు, ఊరు, పని, దగ్గు ఒక పట్టీలో చేరాలి. సిరిసిల్ల నుండి భివండి వరకు మరమగ్గాలు ఆడే ప్రతి ఊరికీ ఆ పట్టీ అవసరమున్నది. గంజాంలోనో, కరీంనగర్‌లోనో అతడు పంపే సొమ్ము కోసం ఎదురుచూచే తల్లికి, వినికిడి తగ్గని చెవులతో, దగ్గు లేని రొమ్ముతో కొడుకు తిరిగిరావడం కంటే కావలసినది లేదు.